వెర్సాయ్ కొలువులో స్త్రీల స్పర్ధలు: అసూయ కథ నుంచి అధికార చరిత్ర దాకా

ఫ్రెంచి విప్లవానికి ముందరి రాజకొలువు మీద వచ్చిన పుస్తకాల్లో ఆడవారి పేర్లు ఎప్పుడూ జంటలుగానే కనిపిస్తాయి. లావల్యేర్, మోంతెస్పాన్. మోంతెస్పాన్, మెంతెనాన్. దు బారీ, మేరీ ఆంటోనెట్. లాంబాల్, పోలిన్యాక్. ఒకరు పైకొస్తే మరొకరు పడిపోయారనీ, పడిపోయినవారు కుళ్లుకున్నారనీ, ఆ కుళ్లులోంచే మంత్రుల మార్పులూ యుద్ధాలూ చివరికి విప్లవమూ పుట్టాయనీ చెప్పే రచనలు రెండు శతాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. వాటిని ప్రశ్నిస్తూ గత అయిదారు దశాబ్దాల్లో వచ్చిన పరిశోధనా తక్కువేమీ కాదు. కొలువును సమాజశాస్త్ర దృష్టితో చదివినవారు ఒకటి చెబితే, ఆశ్రయ సంబంధాలను తవ్వి తీసినవారు ఇంకొకటి చెప్పారు. అచ్చు పుస్తకాలనూ కరపత్రాలనూ పరిశీలించినవారు ఆ స్పర్ధల్లో చాలా భాగం రచయితల కల్పన అన్నారు. ఇన్ని వాదాల మధ్య అసలు ప్రశ్న చిక్కుపడిపోయింది: ఆ ఆడవారు దేనికోసం పోరాడారు?

ఒక ఉదాహరణతో మొదలుపెట్టవచ్చు. 1770 డిసెంబరు 24న విదేశాంగ మంత్రి ష్వాజల్ పదవి పోయింది. కొన్ని నెలల తర్వాత ఆ చోటికి ఎగియోన్ ప్రభువు వచ్చాడు. ఈ తగాదాను చరిత్ర గ్రంథాలు మంత్రివర్గాల అధ్యాయంలో పెడతాయి. అదే కాలంలో ష్వాజల్ చెల్లెలు గ్రామోన్ డచెస్‌కూ, ఎగియోన్ పక్షాన నిలిచిన, రాజు 15వ లూయీ ప్రేయసి దు బారీకీ మధ్య జరిగిన పోరు మాత్రం పడకగది అధ్యాయంలోకి పోతుంది. రెండూ ఒకే పోరు. పందెం మీద ఉన్నవీ అవే పదవులు. మగవారి వంతును రాజకీయమనీ, ఆడవారి వంతును అసూయనీ విడదీసి రాయడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఆ కొలువు ఎలా నడిచిందో అర్థం చేసుకోవడానికే అది అడ్డుపడింది.

పీట, పదవి, ప్రవేశం

ఫ్రాన్సులో సాలిక్ చట్టం పేరుతో స్థిరపడిన సంప్రదాయం ప్రకారం ఆడవారికి సింహాసనం లేదు. రాణి కూడా రాజు భార్యగానే రాణి. పరిపాలనలో, సైన్యంలో, న్యాయస్థానాల్లో ఆడవారికి ఉద్యోగాలు లేవు. ఉన్నవన్నీ రాజకుటుంబపు ఆడవారి పరివారాల్లోనే. రాణి పరివారానికి పైన సర్వాధికారిణి, ఆమె కింద ముఖ్య పరిచారిక, తర్వాత వస్త్రాభరణాల అధికారిణి, వారి కింద 'ప్యాలెస్ వనితలు' అనే పన్నెండు మంది. జీతం ఇందులో చిన్న విషయం. రాణి దగ్గరికి రోజూ వెళ్లగలగడం, తమ్ముడికి రెజిమెంటూ మేనల్లుడికి మఠాధిపత్యమూ అడగగలగడం అసలు లాభం. పదవి వచ్చేది ఒకామెకే అయినా దానిమీద బతికేది మొత్తం వంశం.

రెండోది పీట. రాణి ఎదుట కూర్చునే హక్కు డచెస్‌లకూ, వారితో సమానమైన మర్యాద ఉన్న కొన్ని వంశాల ఆడవారికీ మాత్రమే ఉండేది. వారికైనా దక్కేది వెనక ఆనుకోవడానికి వీల్లేని చిన్న పీట. మిగతావారు గంటలకొద్దీ నిలబడాల్సిందే. ఆ పీటను ఇవాళ్టి పాఠకుడు చిన్నచూపు చూసే ప్రమాదం ఉంది. ఎవరి కూతురికి ఎలాంటి సంబంధం వస్తుందో, ఎవరికి అప్పు పుడుతుందో, ఎవరి వ్యాజ్యం త్వరగా తేలుతుందో ఆ పీటను బట్టి లోకం అంచనా వేసేది. 1703లో పూజవేళ విరాళాల పళ్లెం పట్టుకుని తిరగడం మా హోదాకు తగదని లొరేన్ వంశపు ఆడవారు తప్పుకుంటే, అయితే మేమూ పట్టమని డచెస్‌లు మొండికేశారు. చివరికి 14వ లూయీ దాకా పోయిన ఆ వివాదంలో డచెస్‌ల తరఫున వాదించింది మగవారే. వారిలో ముఖ్యుడు, తర్వాత కొలువు జ్ఞాపకాలు రాసిన సాం-సిమోన్ డ్యూక్. హోదా పట్టింపు ఆడవారి స్వభావమనే మాటకు ఈ ఒక్క సంఘటన చాలు, సమాధానం.

మూడోది ప్రవేశం. కొలువులో మనిషిగా లెక్కకు రావాలంటే ఒక గొప్పింటి స్త్రీ చేయి పట్టుకుని తీసుకెళ్లి రాజుకూ రాణికీ పరిచయం చేయాలి. 1745 సెప్టెంబరులో 15వ లూయీ ప్రేయసి పోంపదూర్‌ను తీసుకెళ్లింది అప్పుల్లో ఉన్న వృద్ధ కోంతి యువరాణి. 1769 ఏప్రిల్‌లో దు బారీని తీసుకెళ్లింది బేయార్న్ కౌంటెస్, ఆమెకూ అప్పులే. తీర్చింది రాజు ఖజానా. తలుపు తెరిచేది ఆడవారే, మూసేది కూడా వారే. అందుకే ఆ తలుపు దగ్గర తొక్కిసలాట.

14వ లూయీ: ఒకే బండిలో ముగ్గురు

1661 నుంచి రాజుకు దగ్గరైన లూయీజ్ ద లావల్యేర్‌కు 1667లో డచెస్ బిరుదు వచ్చింది. అప్పటికే మోంతెస్పాన్ ఆమె స్థానంలోకి వస్తోంది. 1670 నాటి ఫ్లాండర్స్ ప్రయాణంలో రాణి మేరీ థెరీస్, లావల్యేర్, మోంతెస్పాన్ ముగ్గురూ రాజు బండిలోనే వెళ్లారు. ముగ్గురు రాణులను చూడడానికి జనం దారి పొడవునా వచ్చారని తర్వాతి కాలపు రచనలు చెబుతాయి. 1674లో లావల్యేర్ కార్మలైట్ మఠంలో చేరబోతూ అందరి ఎదుటా రాణి కాళ్ల దగ్గర మోకరిల్లి క్షమాపణ అడిగింది. ఆ తర్వాత ముప్పయ్యారేళ్లు మఠంలోనే గడిపింది. హోదా లెక్కలన్నీ పక్కన పెట్టి చూడాల్సిన దుఃఖం అది. సమాజశాస్త్ర పద్ధతిలో రాసినవారు దీన్ని తొందరగా దాటేశారు.

మోంతెస్పాన్ విషయం వేరు. ఆమెకు భర్త బతికే ఉన్నాడు, కొలువుతో ఘర్షణ పడ్డాడు. అతను డ్యూక్ అయితే తప్ప ఆమె డచెస్ కాదు, డచెస్ కాకపోతే పీట లేదు. 1673లో రాజు ఆమె పిల్లలను సక్రమ సంతానంగా ప్రకటించినప్పుడు తల్లి పేరు రాయించలేకపోయాడు. పీట చిక్కు 1679లో తీరింది. సువాసోన్ కౌంటెస్ ఒలింప్ మాన్సీనీ చేతిలో ఉన్న సర్వాధికారిణి పదవిని మోంతెస్పాన్‌కు ఇప్పించారు. భర్తను దాటి హోదా సంపాదించడానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే. ఆ దారి రాణి సొంత పరివారంలోంచి పోయింది. మరుసటి ఏడాదే విషప్రయోగాల కేసులో ఇరుక్కుని మాన్సీనీ దేశం వదిలి పారిపోయింది.

ఆ కేసు దగ్గరే చరిత్రకారులు గట్టిగా విడిపోతారు. 1679 నుంచి 1682 దాకా నడిచిన ప్రత్యేక న్యాయస్థానం 36 మందికి మరణశిక్ష అమలు చేసింది. వారిలో లావ్వాజాన్ అనే మంత్రగత్తె ఒకరు. ఆమెను తగలబెట్టాక ఆమె కూతురు మోంతెస్పాన్ పేరు బయటపెట్టింది. వశీకరణ మందులనీ, చీకటి పూజలనీ, కొత్త ప్రేయసి ఫోంతాంజ్‌పై విషప్రయోగమనీ ఆరోపణలు. రాజు ఆ కాగితాలను విడిగా పెట్టించి 1709లో కాల్పించాడు. అయినా పోలీసు అధిపతి లారేనీ రాసుకున్న టిప్పణులు మిగిలాయి. ఆరోపణల్లో కొంతైనా నిజం ఉండి ఉండాలనేవారు చిత్రహింస భయం లేనప్పుడు ఇచ్చిన వాంగ్మూలాలను చూపుతారు. నమ్మనివారు వేరే సంగతి అడుగుతారు: ఆమె 1691 దాకా వెర్సాయ్‌లోనే ఉంది, రాజు రోజూ పలకరించేవాడు. తనకు విషం పెట్టబోయిందని అనుమానించిన మనిషితో ఏ రాజైనా పదేళ్లు అలా ఉంటాడా? వశీకరణ మందుల కోసం వెళ్లి ఉండవచ్చు, విషం మాట నిలవదు అన్న మధ్యేమార్గమే నాకు సమంజసంగా కనిపిస్తుంది.

మోంతెస్పాన్ పిల్లలను పెంచడానికి వచ్చిన స్కారోన్ కవి వితంతువు, ఆ తర్వాతి మెంతెనాన్, 1683లో రాణి మరణించాక రాజును రహస్యంగా పెళ్లాడింది. ఆ పెళ్లిని ఎన్నడూ ప్రకటించలేదు. ఇక్కడి నుంచి పోరు ఇద్దరు ప్రేయసుల మధ్య కాదు. రాజు తమ్ముడి భార్య, జర్మనీ నుంచి వచ్చిన పలాటినేట్ రాకుమారి ఎలిజబెత్ షార్లెట్, 1690లో యువరాజు భార్య చనిపోయాక హోదా ప్రకారం ఫ్రాన్సులో మొదటి స్త్రీ. ఆమె కంటే పైన ఏ హోదా లేని ఒక వితంతువు ఉంది. తన బంధువులకు రాసిన వేల జర్మన్ ఉత్తరాల్లో షార్లెట్ ఆ కోపాన్ని ఏమాత్రం దాచుకోలేదు. ఉత్తరాలను విప్పి చదువుతారని తెలిసీ రాసింది. 1701లో భర్త పోయాక రాజీకని వచ్చిన మెంతెనాన్, దారిలో పట్టుబడ్డ అలాంటి ఒక ఉత్తరాన్ని ఆమె ముందు పెట్టిందని సాం-సిమోన్ రాశాడు. మెంతెనాన్ 250 మంది పేద కులీన బాలికల కోసం పెట్టించిన సాం-సీర్ పాఠశాలలో 1689లో రసీన్ 'ఎస్తేర్' నాటకం ఆడినప్పుడు, తొలగిపోయిన రాణి వష్తిలో మోంతెస్పాన్‌నూ, ఎస్తేర్‌లో మెంతెనాన్‌నూ కొలువు గుర్తుపట్టింది.

15వ లూయీ: అక్కచెల్లెళ్లు, ఆ తర్వాత ఒక బూర్జువా

నేల్ వంశపు అక్కచెల్లెళ్లు అయిదుగురిలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు రాజుకు ప్రేయసులయ్యారని సాధారణంగా చెబుతారు. పెద్దామె మైయీ కౌంటెస్ రాణి పరివారంలో ప్యాలెస్ వనిత. 1742లో చెల్లెళ్లకు చోటు కల్పించడం కోసం ఆ పదవి వదులుకుంది. వదులుకున్న కొద్ది వారాలకే కొలువు నుంచే వెళ్లగొట్టారు. పైకొచ్చిన చెల్లెలు మేరీ ఆన్ షాతోరూ డచెస్ అయింది. ఆమె వెనక రిషెల్యూ డ్యూక్ ఉన్నాడు. 1744 ఆగస్టులో మెట్స్‌లో రాజుకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ప్రేయసిని పంపేస్తే తప్ప చివరి సంస్కారాలు చేయనని బిషప్ ఫిట్స్‌జేమ్స్ పట్టుబట్టాడు. ఆమె వెళ్లిపోయింది, రాజు కోలుకున్నాడు, బిషప్‌కు ఆదరణ పోయింది, డిసెంబరులో ఆమె మరణించింది. అక్కను తరిమిన చెల్లెలి కథగా దీన్ని చెప్పడం తేలిక. పదవిలో ఉన్నంతసేపే మైయీకి రక్షణ ఉందని, పదవి వదిలిన క్షణం నుంచి ఆమె ఒంటరి అని చెబితే కొలువు పద్ధతి బయటపడుతుంది.

పోంపదూర్ రాకతో కొత్త సంగతి ఒకటి చేరింది. ఆమె పుట్టింది ఆర్థిక వ్యాపారుల లోకంలో. కొలువు ఆడవారి కోపంలో కులగర్వం పాలు ఎక్కువ. రాజు కూతుళ్లు ఆమెకు పెట్టిన బూతుపేరు ప్రసిద్ధం. ఆమె పుట్టింటి పేరు మీద వెక్కిరింత పాటలు పుట్టాయి. 1749 ఏప్రిల్‌లో అలాంటి పాటల పేరుతో నౌకా మంత్రి మోర్పాను వెళ్లగొట్టారు. ఆ తర్వాత పద్యాలు పంచుకున్నందుకు పారిస్‌లో 14 మందిని పట్టుకున్నారు. ఈ కేసును తవ్విన రాబర్ట్ డార్న్‌టన్, కొలువులో పుట్టిన వెటకారం వీధికి ఎలా చేరి, మళ్లీ కొలువుకు ఎలా తిరిగొచ్చేదో చూపించాడు.

రాణి మేరీ లెష్చిన్‌స్కా పట్ల పోంపదూర్ మర్యాదగా ఉందని ఆమె శత్రువులూ ఒప్పుకున్నారు. 1750 ప్రాంతంలో రాజుతో శారీరక సంబంధం ముగిసింది, పలుకుబడి మాత్రం పెరిగింది. 1752లో డచెస్ మర్యాదలు, 1756లో రాణి దగ్గర ప్యాలెస్ వనిత పదవి వచ్చాయి. అసూయ సిద్ధాంతానికి ఇది కొరుకుడుపడని ఉదాహరణ. పడక పోయినా పదవి నిలిచింది. 1764లో 42వ ఏట వెర్సాయ్‌లోనే మరణించేదాకా నిలిచింది.

1756 నాటి ఆస్ట్రియా మైత్రిని, ఏడేళ్ల యుద్ధపు ఓటములను ఆమె మెడకు చుట్టే అలవాటు ఆనాటి నుంచే ఉంది. ఆ యుద్ధంలో ఫ్రెంచివారు పోగొట్టుకున్నవాటిలో తెలుగు నేల కూడా ఉంది. 1753లో బుస్సీ నిజాం నుంచి పొందిన ఉత్తర సర్కార్లు, 1758లో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పతనంతో చేజారాయి. అయితే ఇంగ్లిషు కంపెనీతో ఫ్రెంచి కంపెనీ పోటీ కోరమండల్ తీరంలో పోంపదూర్ కొలువుకు రాకముందు నుంచే రగులుతోంది. వెర్సాయ్‌లో ఒక స్త్రీ అహం వల్ల మచిలీపట్నం పోయిందనే తరహా వాదం చరిత్రగా నిలవదు.

ఒక మౌనం వెనక

అన్నిటికంటే ఎక్కువ చర్చకు గురైంది 1770 మే నుంచి 1772 జనవరి వరకు నడిచిన మేరీ ఆంటోనెట్ మౌనం. రాజు మనవడైన యువరాజును పెళ్లాడిన పద్నాలుగేళ్ల ఆస్ట్రియా రాకుమారి, రాజు ప్రేయసి దు బారీతో మాట్లాడనంది. హోదాలో తక్కువవారు ముందు పలకరించకూడదు కనుక, యువరాణి నోరు విప్పేదాకా దు బారీ మాట్లాడలేదు. కొలువంతా చూస్తుండగా రోజూ జరిగే అవమానం అది.

దీన్ని మూడు విధాలుగా చదివారు. నీతి గల బాలిక, నీతి లేని ప్రేయసి అన్నది మొదటి పాఠం. 19వ శతాబ్దపు రాచరిక పక్షపాతులకు ఇది ఇష్టం. రెండోది, భర్త మేనత్తలు ఎక్కించారన్న పాఠం. పెళ్లికాని ముగ్గురు రాజకుమార్తెలు అదెలాయిద్, విక్త్వార్, సోఫీ ఆమెను ముందుకు తోశారు. 1771 జూలైలో పేకాట ముగిశాక యువరాణి దు బారీతో ఒక మాట అనేలా ఆస్ట్రియా రాయబారి మెర్సీ ఏర్పాటు చేస్తే, సరిగ్గా ఆ క్షణాన అదెలాయిద్ వచ్చి ఆమెను పిలుచుకుపోయింది. మూడోది పక్షాల పాఠం. ఆంటోనెట్ పెళ్లి కుదిర్చింది ష్వాజల్, అతన్ని దింపిన వర్గానికి అండ దు బారీ. ఆ మౌనం తెలిసో తెలియకో ష్వాజల్ జెండా అయింది.

ఆమె తల్లి, ఆస్ట్రియాను ఏలుతున్న మరియా థెరిసా ఈ మూడో అర్థాన్ని బాగా గ్రహించింది. పోలండ్ పంపకం దగ్గరపడుతోంది, 15వ లూయీ ఆగ్రహం ఆస్ట్రియాకు పనికిరాదు. ధర్మనిష్ఠకు పేరుపడ్డ ఆ తల్లి, రాజు ప్రేయసితో మాట్లాడమని కూతురిని ఒత్తిడి చేసింది. 1772 జనవరి 1న ఆంటోనెట్ దు బారీ వైపు చూస్తూ, ఇవాళ వెర్సాయ్‌లో చాలామంది ఉన్నారని అన్నది. ఆగస్టులో పోలండ్ మొదటి పంపకం ఒప్పందంపై సంతకాలయ్యాయి. ఆ ఒక్క వాక్యమే పోలండ్‌ను చీల్చిందని ఎవరూ అనరు. కానీ ఒక సామ్రాజ్ఞి, ఒక రాయబారి, ఒక మంత్రి, ముగ్గురు రాజకుమార్తెలు దాని కోసం ఏడాదిన్నర తంటాలు పడ్డారంటే, అది ఇద్దరి మధ్య చిన్న కినుక మాత్రం కాదు. నా దృష్టిలో మూడో పాఠమే బలమైనది. అయితే రెండోది లేకుండా అది నిలబడదు. అత్తల చేతిలో ఏ పదవీ లేదు, రాణి లేని కొలువులో మొదటి స్థానం మాత్రమే ఉండేది, కొత్త కోడలు రావడంతో అదీ పోయింది.

లాంబాల్, పోలిన్యాక్

1741 నుంచి ఖాళీగా ఉన్న సర్వాధికారిణి పదవిని 1775లో కొత్త రాణి మేరీ ఆంటోనెట్ తన స్నేహితురాలు లాంబాల్ యువరాణి కోసం మళ్లీ తెరిచింది. పైన ఇంకొకరు రావడం సహించక ముఖ్య పరిచారిక నొఆయ్ కౌంటెస్ తప్పుకుంది. అదే ఏడాది పోలిన్యాక్ కౌంటెస్ రాణి కంటపడింది. 1780లో ఆ కుటుంబానికి డ్యూక్ హోదా, 1782లో రాజు పిల్లల సంరక్షకురాలి పదవి దక్కాయి. ఈ పోరులో ఓడింది లాంబాల్ ఒక్కతే కాదు. తరాలుగా ఆ పదవుల మీద బతికిన నొఆయ్, రోహాన్ వంటి వంశాలు పక్కకు తొలగిపోయాయి. కొలువు నుంచి దూరమైన కుటుంబాలే 1788లో 'ముప్పై మంది సంఘం' వంటి సంస్కరణ కూటాల్లో తేలాయని డేనియల్ విక్ 1980లో వాదించాడు. సంస్కరణవాదులందరినీ పదవి పోయిన అలకతో వివరించడం నాకు అతిగానే తోస్తుంది. అయినా స్త్రీల పదవుల నియామకాన్ని విప్లవ రాజకీయంతో కలిపి చూసిన అరుదైన ప్రయత్నం అది.

నాలుగు చూపులు

మొదటివారు కథకులు. 1860లో 15వ లూయీ ప్రేయసులపై పుస్తకం తెచ్చిన గోంకూర్ సోదరుల నుంచి, 1932లో మేరీ ఆంటోనెట్ జీవితం రాసిన స్టీఫన్ జ్వైగ్ మీదుగా, 1954లో పోంపదూర్‌పై రాసిన నాన్సీ మిట్‌ఫర్డ్ దాకా. వారి బలం మనిషిని కళ్లకు కట్టించడం. బలహీనత, ప్రతి మలుపునూ మనస్తత్వంతోనే వివరించడం.

రెండోది నోర్బర్ట్ ఎలియాస్ చూపు. 1969లో అచ్చయిన అతని కొలువు సమాజ గ్రంథం మర్యాదల పట్టింపును తెలివితక్కువతనంగా కాక, ప్రతిష్ఠే పెట్టుబడిగా నడిచే సమాజపు తర్కంగా చూపింది. చాలామంది కళ్లు తెరిపించిన పుస్తకం. కానీ రాజు అందరినీ బంగారు పంజరంలో పెట్టి ఆడించాడన్న దాని చిత్రాన్ని యెరూన్ డాయిన్‌డమ్ 1990ల నుంచి గట్టిగా ఖండించాడు. రాజు కూడా ఆ నియమాలకు బందీయేనని, కులీనులు కొలువు నుంచి లాభం పొందారని చూపాడు. సాం-సిమోన్ వర్ణించిన 1709 నాటి మూడు కూటాలను చరిత్రకారుడు ల రువా లదూరీ పటం గీసినట్టు విడదీశాడు. అందులో ఒక కూటానికి కేంద్రం మెంతెనాన్. ఎలియాస్‌లో స్త్రీలు నియమాలకు ఉదాహరణలు. లదూరీలో వారు పక్షాల నాయకులు.

మూడోది ఆశ్రయ చరిత్ర. 1989లో షారన్ కెటరింగ్ కులీన స్త్రీల సిఫారసు శక్తి మీద రాసిన వ్యాసం చిన్నదైనా దారి మార్చింది. ఉత్తరాలూ నియామకాలూ పట్టి చూస్తే ఆడవారు మగవారిలాగే ఆశ్రితులను పోషించారు, వరాలు పంచారు, బదులు రాబట్టుకున్నారు. ఫానీ కోసాందె రాణి పదవి గురించీ, హోదా గురించీ రాసిన గ్రంథాలు దీనికి బలం చేకూర్చాయి. 2020లో ట్రేసీ ఆడమ్స్, క్రిస్టీన్ ఆడమ్స్, ఆన్యెస్ సొరెల్ నుంచి దు బారీ దాకా రాజప్రేయసి అనేది ఫ్రాన్సులో దాదాపు ఒక సంస్థగా ఎలా రూపుకట్టిందో చర్చించారు. నేను ఎక్కువగా మొగ్గేది ఈ చూపు వైపే. లోటు ఒక్కటే: లావల్యేర్ కన్నీళ్లకు దీనిలో చోటు దొరకదు.

నాలుగోది అచ్చు చరిత్ర. షాంతాల్ తొమా, లిన్ హంట్, సారా మాజా వంటివారు 1780ల, విప్లవకాలపు కరపత్రాలను చదివి, రాణి మీద అల్లిన బూతు కథల్లో రాజకీయంలోకి వచ్చిన స్త్రీ పట్ల భయం కనిపిస్తుందన్నారు. 1785 నాటి వజ్రాల హారం కుంభకోణం వారికి కీలకం. మొదట దు బారీని దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ హారం, రాణి తాకను కూడా తాకకుండానే ఆమె పరువు తీసింది. ఈ వాదానికి గట్టి దెబ్బ 2006లో సైమన్ బరోస్ నుంచి వచ్చింది. లండన్‌లో రాసిన ఆ కరపత్రాల్లో చాలావాటిని ప్రభుత్వం డబ్బిచ్చి కొని అణచివేసిందనీ, రాణిపై వచ్చిన అతి నీచమైనవి 1789కి ముందు జనంలోకి వెళ్లనే లేదనీ అతను చూపాడు. దు బారీ మీద కరపత్ర రచయిత మోరాంద్ రాసిన పుస్తకాన్ని 1774లో నాటకకర్త బోమార్షే లండన్ వెళ్లి బేరమాడి తగలబెట్టించడం ఇందుకు మచ్చు. ఐతే 1775లో వచ్చిన దు బారీ జీవిత విశేషాల పుస్తకం నిషేధంలోనూ విపరీతంగా అమ్ముడుపోయిందని డార్న్‌టన్ లెక్కలు చెబుతాయి. ఇద్దరూ కొంతమేరకు సరైనవారే కావచ్చు, ఒకరు రాణి గురించి, మరొకరు ప్రేయసి గురించి.

మూడు పాలనలనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 14వ లూయీ కాలంలో పోరు రాణి పరివారం లోపల జరిగింది, బయటికి పొక్కిందంటే నాటకంగానో విచారణగానో. 15వ లూయీ కాలంలో పుట్టుక ప్రశ్న అయింది, పోరు పాటలుగా పారిస్ వీధుల్లోకి దిగింది. 16వ లూయీకి ప్రేయసులు లేరు. అంతవరకు ప్రేయసుల మీద పడిన నింద నేరుగా రాణి మీద పడింది.

రాసిన చేతులు

ఏ వాదమైనా చివరికి మూలాల దగ్గర తేలాలి. సాం-సిమోన్ తన జ్ఞాపకాలను చాలావరకు 1739 తర్వాతే, మెంతెనాన్ మీద ద్వేషం చల్లారకుండానే రాశాడు. మెర్సీ మరియా థెరిసాకు పంపిన రహస్య నివేదికలు యువరాణి చుట్టూ పెట్టిన వేగుల మాటల మీద ఆధారపడ్డాయి. కూతురిని అదుపులో పెట్టడమే వాటి పని. రాణి పరిచారిక కాంపాన్ జ్ఞాపకాలు 1822లో, రాచరికం తిరిగొచ్చాక, రాణి పరువు నిలిపే ఉద్దేశంతో వచ్చాయి. ఇక దొంగ పత్రాల సంగతి. మెంతెనాన్ ఉత్తరాలను లాబోమెల్ 1750లలో ఇష్టమొచ్చినట్టు మార్చి అచ్చేశాడు. 1864లో మేరీ ఆంటోనెట్ పేరిట వెలువడిన ఉత్తరాల్లో అనేకం నకిలీవని చరిత్రకారుడు ఆర్నెత్ వియన్నా భాండాగారం నుంచి అసలు ఉత్తరాలు తీసి రుజువు చేశాడు. దు బారీ పేరుతో 1829లో వచ్చిన జ్ఞాపకాలు లామోత్-లాంగోన్ అల్లినవి. స్పర్ధలకు సంబంధించి నోరూరించే సంభాషణలు చాలావరకు ఇలాంటి చోట్ల నుంచే జనాదరణ పుస్తకాల్లోకి చేరాయి.

వీటి పక్కన లుయీన్ డ్యూక్ దినచర్య పెట్టి చూడాలి. అతని భార్య రాణికి ముఖ్య పరిచారిక. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ పదవి ఎవరికి ఎంతకు వచ్చింది అన్నవే అందులో ఎక్కువ. చదవడానికి పొడిగా ఉంటుంది. కానీ 1735–58 మధ్య కొలువు ఆడవారు దేనికి బాధపడ్డారో, దేనికి సంతోషించారో అందులో తెలిసినంతగా గోంకూర్‌లలో తెలియదు.

ఇంకా తేలనివి

మొదటిది, ప్రభావం ఎంత అన్నది. 1685లో ప్రొటెస్టెంట్ల హక్కుల రద్దుకు మెంతెనాన్ కారణమని షార్లెట్ నమ్మింది. నేటి చరిత్రకారుల్లో అత్యధికులు నమ్మరు. కానీ బిషప్పుల నియామకాల్లో ఆమె మాట చెల్లిందని ఒప్పుకుంటారు. పోంపదూర్ విధానాన్ని నడిపిందా, విధానం నడిపేవారిని ఎంపిక చేసిందా? రెండోదానికి ఆధారాలు ఎక్కువ. కొలువులో మనుషుల ఎంపికే విధానం కావచ్చు కనుక అంతటితో వాదం ముగియదు.

రెండోది, అచ్చయిన నిందకూ రాచరికం పతనానికీ లంకె. బరోస్ తర్వాత ఎవరూ దీన్ని మునుపటి ధీమాతో చెప్పడం లేదు. చేతిరాత కబుర్లు, పాటలు, నోటిమాటల లెక్క తీయడం పుస్తకాల లెక్క కంటే చాలా కష్టం.

మూడోది, కింది మెట్ల మీది మనుషులు. ఉత్తరాలు మోసిన దాసీలు, తలుపుల దగ్గర నిలబడ్డ సేవకులు ఈ స్పర్ధల్లో ఏ పక్షాన, ఎందుకు ఉన్నారు? బెంగాల్ నుంచి పసివాడిగా తరలించి తెచ్చి దు బారీ ఇంట్లో పెట్టిన జమోర్, 1793లో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. డిసెంబరు 8న ఆమె తల తెగింది. జమోర్‌ను కృతఘ్నుడని తిట్టిన పుస్తకాలు ఎన్నో. అతన్ని ఆ ఇంటికి చేర్చిన బానిస వ్యాపారాన్ని అదే కథలో భాగంగా చదివినవి కొన్నే.

నాలుగోది, స్నేహం. స్పర్ధల మీద ఇంత రాసినవారు స్నేహాలకు విడి అధ్యాయం ఇవ్వలేదు. 1789 జూలైలో పోలిన్యాక్ దేశం విడిచి వెళ్లింది. 1791లో విదేశం నుంచి తిరిగొచ్చిన లాంబాల్ మరుసటి సెప్టెంబరులో హత్యకు గురైంది. రాచరిక పక్షపాతులు దీన్నుంచి నిజమైన స్నేహితురాలు, స్వార్థపు స్నేహితురాలు అనే మరో జంటను తయారుచేశారు. నిజానికి పోలిన్యాక్‌ను వెళ్లిపొమ్మని చెప్పింది రాజూ రాణీ. వెళ్లాక కూడా రాణి ఆమెకు ప్రేమతో ఉత్తరాలు రాసింది. లాంబాల్ తిరిగొచ్చింది స్నేహం కోసమూ, ఇంకా తన పేరు మీదే ఉన్న సర్వాధికారిణి పదవి కోసమూ. ఈ ఇద్దరినీ ప్రత్యర్థులుగా కాక ఒకే రాణి దగ్గర రెండు వేర్వేరు ఉద్యోగాలు చేసిన స్త్రీలుగా పెట్టి, వారి ఉత్తరాలనూ పరివారపు లెక్కల పుస్తకాలనూ కలిపి చదివే పని ఇంకా చాలా మిగిలి ఉంది.